పక్కతాళ్ళు

అరకు సంత జరిగే మైదానం పక్కన ఎండుచేపల కొట్టు పెట్టుకున్న మసేను ఒకప్పుడు విశాఖపట్నం హార్బరులో పేరున్న వలల మేస్త్రీ. రొయ్యల బోట్లు సముద్రం అడుగున ఈడ్చుకుపోయే పెద్ద వలలను ముక్కలుగా కోసి కుడతారు. ఏ ముక్కకి ఎన్ని కళ్ళు ఉండాలో, ఎక్కడ కత్తెర ఏటవాలుగా తిప్పాలో కాగితం చూడకుండా చెప్పగలిగినవాడు ఆ రోజుల్లో అతనొక్కడే. మిగతావాళ్ళ వలలు ఏడాది తిరిగేసరికి బరువుకి సాగి వంకర్లు పోయేవి. మసేను వల మాత్రం కోసిననాడు ఎలా ఉందో అలాగే ఉండేది. ఆ కిటుకేమిటని బోటు ఓనర్లు అడిగితే చేతివాటం అని నవ్వేసేవాడు.

అది చేతివాటం కాదు. వలకి రెండు పక్కలా, కుట్టు లోపల, పైకి కనబడకుండా ఒక్కో తాడు పోనిచ్చేవాడు. ఆ తాడు వలకన్నా ఓ బెత్తెడు పొట్టిగా ఉండేది. లాగుడు బరువంతా తాళ్ళు మోసేవి; వల కళ్ళు హాయిగా ఉండేవి. ఈ సంగతి అతను పెళ్ళానికి చెప్పలేదు. తన దగ్గర ఆరేళ్ళు పని నేర్చుకున్న ఎల్లాజీకీ చెప్పలేదు.

ఎల్లాజీ అతనికి తోడల్లుడు. మసేను భార్య యర్రమ్మ చెల్లెలు చిన్నమ్మిని చేసుకున్నాడు. నెమ్మదస్తుడు. చెప్పిన పని చెప్పినట్టు చేసేవాడు. చెప్పనిది అడిగేవాడు కాదు.

తొంభై ఏడులో, ఒక బోటు మీద కొత్త వల సరిచూస్తుంటే, వలని పైకి లాగే వించి మీద చుట్టుకుంటున్న ఇనుపతాడు మసేను ఎడమచేతిని లాక్కుంది. చిటికెనవేలూ ఉంగరపువేలూ పోయాయి. ముడి బిగించే పట్టు పోయింది. ఆర్నెల్లు ఇంట్లో కూచున్నాడు. ఆ ఆర్నెల్లలో షెడ్డులో అతను కూచునే మూల, అతని చెక్కపీట, అతని పెద్ద కత్తెర ఒక్కొక్కటిగా ఎల్లాజీ చేతికి వెళ్ళాయి. ఎల్లాజీ వాటిని కోరలేదు, లాక్కోలేదు. ఎవరో ఒకరు వలలు కోయాలి కదా అని ఓనర్లే కూచోబెట్టారు. పైగా రోజూ పని దిగాక చేపల పులుసు క్యారేజీ పట్టుకుని వచ్చి, ఆ రోజు ఏ వల కోసిందీ, ఎక్కడ అనుమానం వచ్చిందీ పూస గుచ్చినట్టు చెప్పి వెళ్ళేవాడు. అతనిలో ఏ తప్పూ దొరక్కపోవడమే మసేనుని ఎక్కువగా కాల్చింది. తిట్టుకోవడానికి ఒక్క కారణం ఇచ్చినా కొంత తేలికపడి ఉండేవాడు.

యర్రమ్మ అప్పటికే శుక్రవారం శుక్రవారం కిరండూల్ రైలెక్కి అరకు సంతలో ఎండు నెత్తళ్ళు, సావిడాయిలు, ఎండు రొయ్యలు అమ్ముకొచ్చేది. అక్కడే కొట్టు పెడదామని ఆమె అంటే మసేను మారు మాట్లాడకుండా ఒప్పుకున్నాడు. చలి పడదేమో, తెలిసినవాళ్ళు లేరేమో అని చుట్టాలు అన్నారు. అతనికి కావలసింది హార్బరు కనబడని చోటు, అంతే.

కానీ కబుర్లు రైలెక్కి కొండ మీదికి వచ్చేవి. చిన్నమ్మి సరుకు తెచ్చినప్పుడల్లా ఏదో ఒకటి మోసుకొచ్చేది. ఎల్లాజీ కోసిన వలకి కాకినాడ నుంచి వచ్చి అడిగారట. ఎల్లాజీ ఇంటి మీద స్లాబు వేశాడట. యర్రమ్మ ఆ కబుర్లు విని, మా మరిది చెయ్యి మంచిది అని నలుగురి ముందూ అనేది. మసేను ఎండుచేపల బస్తా విప్పుతూ, వినబడనట్టు వీపు తిప్పుకునేవాడు. ఆ చేతిని మంచి చెయ్యి చేసింది ఎవరో ఒక్కసారైనా అనదేమని లోలోపల రగిలేవాడు. వేళ్ళు లేని చోట ఆ పూటల్లో నొప్పి కూడా వచ్చేది.

రెండువేల రెండు డిసెంబరులో, వరి కోతలు అయిపోయి పొలాలు మోళ్ళతో ఉన్న రోజుల్లో, ఎల్లాజీ రెండు పెద్ద గోతాలతో, ఒక ఇనుప చట్రంతో అరకు స్టేషనులో దిగాడు. చట్రం కోడిగుడ్డు ఆకారంలో, మనిషి నడుమెత్తున ఉంది. మధ్యలో నిలువు ఊచలు, ఊచకీ ఊచకీ నడుమ పిడికిలి పట్టేంత సందు.

కొట్టు వెనక గదిలో కూచుని టీ తాగుతూ అతను సంగతంతా చెప్పాడు. చలికాలం వచ్చేసరికి గుడ్లు పెట్టడానికి తాబేళ్ళు ఒడ్డుకి దగ్గరగా వస్తాయి. రొయ్యల వల అడుగున రెండు మూడు గంటలు ఈడుస్తారు. అందులో పడ్డ తాబేలు పైకొచ్చి ఊపిరి తీసుకోలేక చచ్చిపోతుంది. ఈ చట్రాన్ని వల గొంతులో వాలుగా కడితే, రొయ్యలు ఊచల సందుల్లోంచి వెనక సంచిలోకి పోతాయి. తాబేలు ఊచలకి తగిలి, పైకి జారి, అక్కడ కోసిన కంతలోంచి బయటపడుతుంది. కంత మీద మూతలాగా ఒక వలముక్క ఉంటుంది. మత్స్యశాఖవాళ్ళు బోట్లన్నీ దీన్ని పెట్టాలంటున్నారు. పెట్టకపోతే పై దేశాలవాళ్ళు రొయ్యలు కొనరట. హార్బరు నుంచి నలుగురిని ట్రైనింగుకి పిలిచారు. అందులో ఎల్లాజీ ఒకడు. ఒక చట్రం ఇచ్చి, కట్టి చూపించమన్నారు.

ఇదంతా చెప్పి, జేబులోంచి మడతపెట్టిన పేపరు ముక్క తీసి యర్రమ్మకి ఇచ్చాడు. అందులో ఫోటో ఉంది. చట్రం పట్టుకున్న అధికార్ల పక్కన ఎల్లాజీ, బొత్తాలు పైదాకా పెట్టుకుని. యర్రమ్మ ఆ ముక్కని అన్నం మెతుకులతో కొట్టు గోడకి అంటించింది. మసేను తను రోజూ కూచునే చోటికి సరిగ్గా ఎదురుగా అది ఉండడం చూశాడు. ఇరవై రెండేళ్ళు వలలు కోస్తే తన ఫోటో ఒక్కరూ తియ్యలేదు.

"ఇక్కడికెందుకు మోసుకొచ్చినావు? హార్బర్లో సోటు నేదేటి?" అన్నాడు.

ఎల్లాజీ తల గోక్కున్నాడు. "అక్కడ అందరూ నవ్వుతన్నారన్నియ్యా. కావాలని వలకి కన్నం ఎట్టుకునే ఎర్రోడెవడని. మా ఓనరు ఒక్క బోటుకి ఒప్పుకున్నాడు గానీ, తేడా వస్తే తీసి పారేత్తానన్నాడు. ఈ కోత నా వల్ల కాదు. నీ కోత కావాల."

ఆ ఆఖరి మాటకి మసేను గుండె ఒక్క క్షణం వెచ్చబడింది.

ఐదు రోజులు పనిచేశారు. మూడు వేళ్ళ చేత్తో వల పట్టుకుని మసేను కోస్తుంటే, ఎల్లాజీ ముడులు వేశాడు. చాలా ఏళ్ళ తర్వాత కొత్త నైలాను వాసన మసేను ముక్కుకి తగిలింది. కత్తెర ఏటవాలుగా కంటి నుంచి కంటికి నడుస్తుంటే అన్నం కూడా గుర్తు రాలేదు. అంత సుఖంలోనూ ముల్లు ఉంది. ఎల్లాజీ మధ్యమధ్యలో ట్రైనింగు మాటలు చెప్పేవాడు. చట్రం వాలు నలభై అయిదు డిగ్రీలుండాలన్నియ్యా, ఇక్కడ ఇన్ని కళ్ళు వదలాలన్నియ్యా, కంత ఇంత దాటకూడదన్నియ్యా. మర్యాదగానే చెప్పేవాడు. ఒకనాడు తాను కాళ్ళ దగ్గర కూచోబెట్టుకుని కత్తెర పట్టుకోవడం నేర్పిన గుంటడు, ఇప్పుడు తనకి కొలతలు చెబుతున్నాడు. అవి సరైన కొలతలే కావడం మసేనుకి మరీ కష్టంగా ఉంది.

నీళ్ళు లేని చోట వలని పరీక్షించడమెలా అన్నప్పుడు మసేనుకి గంగ పొలం గుర్తొచ్చింది. గంగ దగ్గర్లోని కొండపల్లె మనిషి. సంతలో గుమ్మడికాయలు, చోళ్ళు అమ్మి, వెళ్ళేటప్పుడు మసేను కొట్లో నెత్తళ్ళు కొనుక్కుపోయేది. ఆమె వాలు పొలం చివర సిల్వర్ ఓక్ చెట్లు రెండు వరసలుగా ఉన్నాయి. వాటి మధ్య వలని గొట్టంలా వేలాడగట్టారు. మూతి ఎగువకి, సంచి దిగువకి. సముద్రంలో తాబేలు పైకి ఈదుతుంది, ఇక్కడ ఏదైనా కిందికే పడుతుంది కాబట్టి, కంత నేలవైపు ఉండేలా వలని తలకిందులుగా తిప్పారు. తాబేలుకి బదులు గుమ్మడికాయ. రొయ్యలకి బదులు బుట్టెడు ఉసిరికాయలు.

గంగ కాసేపు చూసి అడిగింది. "ఇక్కడ సముద్రం నేదు. ఏటి పడతాది ఇందులో?"

ఎల్లాజీ ఆమెకి కూడా ఓపిగ్గా చెప్పాడు. ఆమె విని, తనే ఎగువకి వెళ్ళి పెద్ద గుమ్మడికాయ ఒకటి వల మూతిలోకి దొర్లించింది. అది గొట్టంలో దభదభమని వచ్చి ఊచలకి కొట్టుకుని, జారి, మూతని తోసుకుని గడ్డిలో పడింది. తర్వాత ఉసిరికాయలు పోసింది. అవి గలగలమని ఊచల సందుల్లోంచి పోయి సంచిలో చేరాయి. నాలుగో అయిదో మాత్రం కంతలోంచి రాలాయి. చూడ్డానికి వచ్చిన నలుగురు ఆడవాళ్ళూ నవ్వి, తాము కూడా ఒక్కో కాయ దొర్లించారు. ఎల్లాజీ ఆ గడ్డిలోనే చతికిలబడి, చెమట తుడుచుకుంటూ వాళ్ళతోపాటు నవ్వాడు.

అప్పుడే మసేను చూశాడు. సంచి బరువెంత ఆపుతుందోనని ఎల్లాజీ అంతకుముందు అందులో రెండు గుమ్మడికాయలు వేసి కిందికి గుంజి కట్టాడు. కట్టి గంట కాలేదు. కొత్త ముడులు బిగుసుకుని వల కళ్ళు నిలువుగా సాగాయి. చట్రం పొద్దున్న ఉన్న వాలులో లేదు. ఒక బెత్తెడు పడుకుంది. ఇంకెవరి కంటికీ ఆనదు. మసేను కంటికి మాత్రం పొద్దుటి గీత, ఇప్పటి గీత రెండూ పక్కపక్కనే కనబడ్డాయి. నాలుగు రోజులు సముద్రంలో, నిండు సంచితో లాగితే ఆ చట్రం పూర్తిగా పడుకుంటుంది. మూత తెరుచుకుపోతుంది. రొయ్యలు వచ్చినవి వచ్చినట్టు కంతలోంచి పోతాయి. పక్కతాళ్ళు రెండు వేస్తే చాలు. పూటలో అయ్యే పని.

నోటిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడు యర్రమ్మ మధ్యాహ్నం అన్నం పట్టుకుని గట్టు ఎక్కింది. పడిపోతున్న గుమ్మడికాయని చూసి, "మా ఎల్లాజీ బుర్రే బుర్ర," అంది.

మసేను నోరు మూసుకున్నాడు.

ఆ సాయంత్రం వల విప్పి గోతాల్లో పెడుతున్నప్పుడు ఎల్లాజీ అడగనే అడిగాడు, ఇంకేమైనా చెయ్యాలా అన్నియ్యా అని. బాగుంది అన్నాడు మసేను. మర్నాడు స్టేషనుకి వెళ్ళి, రైల్లో చట్రం ఎక్కించడానికి చెయ్యి కూడా వేశాడు. రైలు కదిలాక ప్లాట్‌ఫారం మీద నిలబడి, తను అబద్ధం ఆడలేదని తనకి తాను చెప్పుకున్నాడు. కోత బాగుంది. బాగుందనే అన్నాడు.

జనవరి నెలాఖరు శుక్రవారం చిన్నమ్మి ఎండుచేపల గంపలతో సంతకి వచ్చింది. ఎప్పుడూ గంప దింపకముందే మాటలు మొదలుపెట్టే మనిషి, ఆ రోజు బేరాలన్నీ అయ్యేదాకా నోరు విప్పలేదు. తర్వాత అక్క ఒడిలో తల పెట్టుకుని చెప్పింది. మొదటి మూడు రోజులు రొయ్యలు బాగానే పడ్డాయట. నాలుగో రోజు సగం లేవు. అయిదో రోజు సంచి అడుగున గుప్పెడు. బోటు మీద పనిచేసే కళాసీలు ఆ చట్రాన్ని కాలితో తన్నారట. ఓనరు దాన్ని పీకించి షెడ్డు వెనక పారేయించి, పాత సంచి కట్టించాడు. హార్బరు అంతా ఎల్లాజీని తాబేళ్ళ ఎల్లాజీ అని పిలుస్తోంది. కొత్త వలల పని అతనికి ఇవ్వడం మానేశారు. చిరుగులు కుట్టుకుంటున్నాడు. మత్స్యశాఖవాళ్ళు పిలిచిన మీటింగుకి సిగ్గుపడి వెళ్ళలేదు.

వింటుంటే మసేనుకి మొట్టమొదట కలిగింది సంతోషం. దాన్ని అతను దాచుకోలేడు, కనీసం తన దగ్గర. ఒంట్లో ఎక్కడో బిగిసి ఉన్నది వదులైనట్టయింది. ఎదురుగా గోడ మీద ఫోటో ఉంది. దాన్ని ఆ పూట తిన్నగా చూడగలిగాడు.

చిన్నమ్మి ఇంకా చెబుతోంది. "కోసినోడే సరిగ్గా కొయ్యనేదు, వేళ్ళు నేనోడి కాడికి ఎందుకెల్లినావని ఓనరు అన్నాడంట బావా. ఈయన ఒప్పుకోనేదు. మా అన్నియ్య కోతలో తప్పు నేదు, కట్టడం నాకే రానేదు అని అందరి ముందూ సెప్పీసినాడు. తప్పు నీది కాదని ఇంట్లో కూడా నాతో అదే మాట."

మసేను లేచి కొట్టు ముందుకొచ్చి నిలబడ్డాడు. సంత విడిపోతోంది. జీపుల మీద మనుషులు ఎక్కుతున్నారు. ఇందాకటి సంతోషం ఏమైందో తెలియలేదు. దాని చోట ఇంకా పెద్ద మంట లేచింది. పనిలో తనని మించాడు, పేరులో మించాడు. ఓడిపోయి కూడా, మంచితనంలో, మళ్ళీ వాడే పైన కూచున్నాడు. తను చేసిన పనికి వాడు మాట పడ్డాడు. ఆ మాట పడడంలో కూడా తనకి దక్కనిదేదో వాడికి దక్కింది. కుళ్ళుకోవడానికైనా ఒక హద్దు ఉండాలి అనుకున్నాడు మసేను. ఆ హద్దు అతనికి దొరకలేదు.

రెండు వారాల తర్వాత సరుకు కోసం భీమిలి దిగాడు. ఇసక మీద నెత్తళ్ళు ఎండబెట్టే ఆడవాళ్ళ దగ్గరికి ఒడ్డు వెంబడి నడిచి వెళుతుంటే తాబేళ్ళు కనబడ్డాయి. మొదటిదాన్ని దూరం నుంచి బోర్లించిన తట్ట అనుకున్నాడు. దగ్గరికెళ్తే ఆకుపచ్చా బూడిదా కలిసిన డొప్ప. ఒంటి మీద దెబ్బ లేదు, గాటు లేదు. మెడ చాపి, నోరు కొద్దిగా తెరిచి ఉంది. కాస్త ముందుకెళితే ఇంకొకటి. దాన్ని కుక్కలు అప్పటికే చీల్చాయి. పొట్టలోంచి గుడ్లు, పింగ్‌పాంగ్ బంతుల్లా తెల్లగా, ఇసకలో పడి ఉన్నాయి. చేపలు తిరగేస్తున్న ముసలామె కర్రతో కుక్కల్ని తోలి, ఈ ఏడు రోజుకొకటి కొట్టుకొస్తోందని, ఇసక కప్పలేక చస్తున్నామని అంది. బోట్ల వలల్లో ఊపిరాడక చచ్చి, తెల్లారేసరికి ఇక్కడికి చేరతాయట.

ఇరవై రెండేళ్ళలో మసేను వలల్లో ఎన్ని తాబేళ్ళు చచ్చాయో అతనికి తెలియదు. వల కోసేవాడు ఒడ్డునే ఉంటాడు. వల సముద్రంలో ఏం చేస్తుందో అతను చూడడు. అతను ఆ మొదటి తాబేలు పక్కన చతికిలబడ్డాడు. గంగ పొలంలో గుమ్మడికాయ గడ్డిలో పడిన చప్పుడు, అప్పుడు ఎల్లాజీ నవ్విన నవ్వు అడక్కుండా వచ్చి ఎదుట నిలిచాయి. ముసలామె ఇచ్చిన పారతో గొయ్యి తీసి రెండింటినీ కప్పిపెట్టాడు. సరుకు కొనలేదు. బస్సెక్కి హార్బరుకి వెళ్ళాడు.

షెడ్డులో ఎల్లాజీ ఒక్కడే కూచుని చిరుగు కుడుతున్నాడు. అన్నియ్యా అని లేచి చెక్కపీట చూపించాడు. మసేను కూచోలేదు. నిలబడే, ఉన్నదంతా చెప్పాడు. చట్రం పడుకోవడం పొలంలోనే చూశానని, ఎందుకు పడుకుందో అప్పుడే తెలుసని, పక్కతాళ్ళు వేస్తే ఆగేదని, ఆ తాళ్ళ సంగతి తను ముందునుంచీ దాచుకున్నదేనని.

ఎల్లాజీ సూది కింద పెట్టాడు.

"నానడిగినాను కదా. ఇంకేటైనా సెయ్యాలా అని అడిగినాను కదా."

"అడిగినావు."

"మరేల సెప్పనేదు?"

ఏవేవో చెప్పవచ్చు. మసేను ఉన్నదే చెప్పాడు. "నిన్ను సూసి ఓర్వనేకపోయాను. నా పీట మీద కూకున్నావని. నీకు ఫోటో ఏసినారని. మీ వదిన నిన్నే పొగుడుతాదని. అదీ సంగతి."

ఎల్లాజీ మొహం మసేను ఎన్నడూ చూడని రంగుకి తిరిగింది. కొడతాడేమో అనుకున్నాడు, కొడితే బాగుండునని కూడా అనుకున్నాడు. ఎల్లాజీ కొట్టలేదు. "నాను నిన్ను ఎనకేసుకొచ్చి ఊరంతటితో తగూలాడినాను," అని మాత్రం అని, చొక్కా దులుపుకుని షెడ్డులోంచి వెళ్ళిపోయాడు.

మసేను షెడ్డు వెనక్కి వెళ్ళాడు. చట్రం, దానికి వేలాడుతూ వల, తుక్కులో పడి ఉన్నాయి. తెచ్చి విప్పి, సాగిన కళ్ళు కోసేసి, కొత్త ముక్క వేశాడు. రెండు తాళ్ళు కొలిచి, వలకన్నా బెత్తెడు పొట్టిగా కోసి, ఈసారి కుట్టు లోపల కాకుండా బయటే, అందరికీ కనబడేటట్టు కట్టాడు. మూడు వేళ్ళతో ముడి బిగియడం లేదు. పళ్ళతో పట్టి బిగించాడు. వచ్చేపోయేవాళ్ళు ఆగి చూసి, తాబేళ్ళ మేస్త్రీకి తోడు దొరికాడని నవ్వుకున్నారు. రెండు రోజులు అక్కడే పనిచేసి, చిన్నమ్మి పంపిన అన్నం తిన్నాడు. ఎల్లాజీ రాలేదు.

మూడో రోజు పొద్దున్న ఎల్లాజీ బోటు డ్రైవరు రామారావుని వెంటబెట్టుకుని వచ్చాడు. మసేను వైపు చూడకుండా తాళ్ళని లాగి చూశాడు. ఓనరు ఊళ్ళో లేడని, ఒక్కరోజు, రెండు లాగుళ్ళు, అంతకుమించి తనవల్ల కాదని రామారావు చెప్పాడు. మసేను కూడా బోటెక్కాడు. చెయ్యి పోయాక బోటు మీద కాలు పెట్టడం అదే మొదలు.

ఎండెక్కేవేళకి మొదటి లాగుడు పైకి తీశారు. వించి తిరుగుతుంటే మసేను కళ్ళు మూసుకుని, సంచి డెక్కు మీద విప్పిన చప్పుడు విని తెరిచాడు. రొయ్యలు ఉన్నాయి. రామారావు కాలితో కుప్పని పరిచి చూసి, ఎప్పుడూ పడేన్ని పడ్డాయన్నాడు. ఎల్లాజీ రొయ్యల జోలికి పోలేదు. చట్రం దగ్గరికి వెళ్ళి, పొద్దున్న దారంతో కట్టుకున్న గుర్తు మీద చెయ్యి పెట్టి చూశాడు. కదల్లేదు.

రెండో లాగుడు తీస్తున్నప్పుడు, వల ఇంకా నీళ్ళలో ఉండగా, బోటుకి బాగా వెనక ఒక తాబేలు తల పైకి వచ్చింది. గట్టిగా ఊపిరి వదిలి, కాసేపు తేలి, మునిగిపోయింది. అది వల్లోంచి తప్పించుకున్నదో, ఆ దారిన పోతున్నదో ఎవరూ చెప్పలేరు. కళాసీల్లో ఒకడు వల్లోదే అన్నాడు, ఇంకొకడు కాదన్నాడు. ఎల్లాజీ మాత్రం అది మునిగిన చోటు వైపే చూస్తూ నిలబడ్డాడు. ఆ రోజంతా మసేనుతో ఒక్క మాట మాట్లాడలేదు.

తర్వాత జరిగినవి నెమ్మదిగా జరిగాయి. ఓనరు ఊరినుంచి వచ్చి, రొయ్యలు తగ్గలేదు కాబట్టి ఊరుకున్నాడు. ఇంకో రెండు బోట్లు చట్రం కట్టుకున్నాయి. చాలా బోట్లు కట్టుకోలేదు. అధికార్లు వచ్చిన రోజు కట్టి, వెళ్ళాక విప్పేసేవాళ్ళూ ఉన్నారు. ఒడ్డుకి తాబేళ్ళు కొట్టుకురావడం ఆగిపోలేదు. మత్స్యశాఖవాళ్ళు ఎల్లాజీని భీమిలి, పూడిమడక, కాకినాడ తిప్పి కట్టడం చూపించమన్నారు. ప్రతిచోటా అతను పక్కతాళ్ళు కట్టి చూపించి, ఇది మా అన్నయ్య మసేను పని అని చెప్పేవాడట. చిన్నమ్మి ఈ మాట చెప్పినప్పుడు యర్రమ్మ మొగుడివైపు చూసి, అతని కంచంలో ఇంకో చేపముక్క వేసింది. జరిగిందంతా మసేను అప్పటికే ఆమెకి చెప్పాడు. ఆమె వారం రోజులు మాట్లాడలేదు, తర్వాత మాట్లాడింది.

మసేనుకి అసూయ పోయిందా అంటే, పోలేదు. ఎల్లాజీ కాకినాడలో మైకు పట్టుకుని మాట్లాడాడని విన్న పూట అన్నం సయించలేదు. కానీ అది వచ్చినప్పుడు ఇదిగో వచ్చిందని గుర్తుపట్టడం అలవాటైంది. వచ్చినదాన్ని కూచోబెట్టి, పని చూసుకునేవాడు.

ఎల్లాజీ పదిహేడు నెలలు అరకు రాలేదు. రెండువేల నాలుగు మే నెలలో, బోట్లకి వేట నిషేధం ఉన్న రోజుల్లో, పెళ్ళాన్ని వెంటబెట్టుకుని కిరండూల్ పాసింజరులో వచ్చాడు. గోతం నిండా కొత్త వల ఉంది; ఇంకో నాలుగు చట్రాలకి కోత కావాలి. మధ్యాహ్నం భోజనాలకి కూచున్నారు. చిన్నమ్మి, యర్రమ్మ వడ్డిస్తూ పిల్లల సంగతులు మాట్లాడుకుంటున్నారు. మొగాళ్ళిద్దరూ కంచాల్లోకి చూస్తూ తింటున్నారు. సగం తిన్నాక ఎల్లాజీ తలెత్తి, అంత సేపట్లో మొదటిసారిగా మసేను కళ్ళలోకి చూశాడు.

"ఒకటడుగుతాను. నిజం సెప్పు. ఇంకేటైనా దాసీసినావేటి నా కాడ?"

అక్కాచెల్లెళ్ళ చేతులు ఆగాయి. మసేను ముద్ద నోట్లో పెట్టుకోలేదు. ఆలోచించాడు. లేదు అనడం తేలిక.

"ఒకటుంది," అన్నాడు.

ఎల్లాజీ కంచం మీద చెయ్యి అలాగే ఉంచి చూస్తున్నాడు.

"సట్రం అంచుకి వల నేరుగా కట్టకూడదు. ఇనుము రాసుకుని దారం నాలుగు నెలల్లో తెగిపోతాది. ముందు పాత సైకిలు ట్యూబు సుట్టి, దాని మీద కట్టాల. నీకు సెప్పనేదు."

"రెండు బోట్లకి తెగిపోయింది," అన్నాడు ఎల్లాజీ. "ఎందుకు తెగిపోతందా అని బుర్ర బద్దలు కొట్టుకుంతన్నాను." అతని మొహంలో కోపం వచ్చింది. అది ఎంతోసేపు నిలవలేదు. పెదవులు వంకరపోయి, ఆపుకుందామని చూసి ఆపుకోలేక, పొలమారేటంతగా నవ్వాడు. చిన్నమ్మి గబగబా నీళ్ళ గ్లాసు అందించింది.

మసేను నవ్వలేదు. చెయ్యి కడుక్కుని, ట్యూబు ముక్కలు దొరుకుతాయేమోనని సైకిలు షాపు దాకా వెళ్ళొస్తానని చెప్పి లేచాడు. గుమ్మం దాటుతుంటే వెనక ఎల్లాజీ, ఉండన్నియ్యా, నేనూ వస్తానని చెప్పులు వెతుక్కుంటున్నాడు.